సవరణ: హోరు కుడి మలుపులో పెరిగితే చూడాల్సింది ఎడమ చక్రం

కారు 60 దాటగానే కింద నుంచి వచ్చే హోరు గురించి మొన్న రాసిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. కుడికి తిరిగేటప్పుడు హోరు పెరిగితే కుడి చక్రం బేరింగ్ (చక్రం మధ్యలో ఉండి అది నున్నగా తిరిగేలా చేసే భాగం) పోయినట్టు అన్నాను. తిరగేసి రాశాను, పొరపాటు నాదే. కుడికి తిరిగితే బరువు ఎడమ వైపు పడుతుంది, అందుకని సాధారణంగా అరిచేది ఎడమ బేరింగ్. మెకానిక్‌లూ, బేరింగ్ కంపెనీల సర్వీస్ పుస్తకాలూ చెప్పేదీ ఇదే.

మలుపు పరీక్ష ఒక్కటే నమ్ముకోకండి. స్టాండు మీద లేపిన బండి ముందు చక్రాన్ని న్యూట్రల్‌లో ఒక చేత్తో తిప్పుతూ, రెండో చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద ఆనించండి. బేరింగ్ పోతే వేళ్లకి సన్నగా గరగర తెలుస్తుంది, తిరగలి పిడి పట్టుకున్నట్టు.

టైర్ల గురించి రాసింది మాత్రం మారదు: తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డెక్కగానే శబ్దం మారితే ముందు అనుమానించాల్సింది టైర్లనే. టైరు తేడాగా అరిగితే, ట్రెడ్ (రోడ్డుకి ఆనే గాళ్ల భాగం) మీద అరచెయ్యి అటూ ఇటూ రాస్తే రంపం పళ్లలా తగులుతుంది.

పాత పోస్టు చూసి కుడి బేరింగ్ ఆర్డర్ పెట్టినవాళ్లుంటే కాస్త ఆగండి.