తిరుగుటపా ఖర్చు ఎవరిది?

ఆర్డర్ పెట్టేది ఒకరు, సరుకు పంపేది మరొకరు, మోసుకెళ్లేది ఇంకొకరు. తీసుకునేవాళ్లు లేక పార్సిల్ వెనక్కి వచ్చినప్పుడు మాత్రం రానుపోను ఛార్జీలు కట్టేది పంపినవాళ్లే. క్యాష్ ఆన్ డెలివరీ అలవాటైన మన ఆన్‌లైన్ వ్యాపారంలో దీన్ని ఎవరూ ప్రశ్నించడం లేదు. పెద్ద కంపెనీలు ఈ నష్టాన్ని ధరల్లో కలిపేసుకుంటాయి. వాట్సాప్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫొటోలు పెట్టి మంగళగిరి చీరలు, కొండపల్లి బొమ్మలు, ఇంట్లో పట్టిన ఆవకాయ అమ్ముకునేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. ఒక చీర మీద ఖర్చులన్నీ పోను వంద రూపాయలు మిగులుతుందనుకుందాం. కొరియర్‌కు పోయేటప్పుడు 80 రూపాయలు. అందని పార్సిల్ వెనక్కి తేవడానికి చాలా కొరియర్ సంస్థలు ఇంచుమించు అంతే వసూలు చేస్తాయి. ఈ రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ. మొత్తం 189 రూపాయల దాకా అవుతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందారుకు ఆ పన్ను కూడా తిరిగి రాదు. అంటే ఒక్క పార్సిల్ తిరిగొస్తే మరో రెండు చీరల మీద లాభం దానికే సరి. పదిలో నాలుగు అలా వస్తే చేతి చమురు వదిలించుకుని వ్యాపారం చేసినట్టే.

చీర అయితే ఇస్త్రీ చేసి మళ్లీ అమ్మొచ్చు. తినేవాటి సంగతేమిటి? మూలలు నలిగి, టేపు మీద టేపు పడి, పైన పెన్నుతో ‘కస్టమర్ నాట్ అవైలబుల్’ అని గీకిన అట్టపెట్టె పది రోజులకు గుమ్మం ముందుకొస్తుంది. లోపల పూతరేకులు పొడి పొడిగా ఉంటాయి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, ఊళ్లు తిరిగొచ్చిన పెట్టెను మళ్లీ ఎవరికి అమ్మగలరు? అక్కడ పోయేది పోస్టేజీ ఒక్కటే కాదు, మొత్తం సరుకు.

ఇది కొత్త తగాదా ఏమీ కాదు. మన తపాలా శాఖ 1877లో వి.పి.పి. (వాల్యూ పేయబుల్ పోస్ట్, అంటే పోస్ట్‌మ్యాన్ గుమ్మం దగ్గర డబ్బు తీసుకుని సరుకు ఇచ్చే పద్ధతి) మొదలుపెట్టినప్పటి నుంచీ ఉన్నదే. పోస్ట్‌మ్యాన్ వి.పి. తెచ్చేసరికి చేతిలో డబ్బు ఆడక కొందరు, మనసు మారి కొందరు వద్దనేవారు. పుస్తకాలు అమ్మేవాళ్లు ఆ దెబ్బలు తిన్నాకే ‘కొంత సొమ్ము ముందుగా మనియార్డరు చేస్తేనే వి.పి. పంపుతాం’ అనే షరతు పెట్టుకున్నారు. పాఠకులూ దాన్ని తప్పుపట్టలేదు. ఆన్‌లైన్ కంపెనీలు మార్కెట్ పెంచుకునే తొందరలో ఆ చిన్న షరతును ఎత్తేశాయి. ఒక్క రూపాయి పెట్టకుండా, ఒక్క వేలితో ఆర్డర్ ఇవ్వగలిగినప్పుడు ఒకే రకం కుర్తా మూడుచోట్ల బుక్ చేసి, ముందొచ్చింది ఉంచుకుని, మిగతావి వద్దనేవాళ్లు పుట్టుకురావడంలో వింతేముంది?

చట్టం ఏమంటోంది? 1930 నాటి వస్తు విక్రయ చట్టం 44వ సెక్షన్‌లో విషయం సూటిగానే ఉంది. అమ్మినవారు సరుకు ఇవ్వడానికి సిద్ధపడి తీసుకోమని అడిగినా, కొన్నవారు తగిన సమయంలో తీసుకోకపోతే దానివల్ల కలిగే నష్టానికి కొన్నవారిదే బాధ్యత. సరుకును భద్రపరిచిన ఖర్చు కూడా వారే ఇవ్వాలి. కానీ 189 రూపాయల కోసం కోర్టు మెట్లు ఎక్కేదెవరు? లాయరు ఆఫీసుకు ఆటో ఛార్జీయే అంతకు మించుతుంది. పోనీ, 2020 జులైలో కేంద్రం తెచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు ఆదుకుంటాయా అంటే, అవి పూర్తిగా వినియోగదారుడి వైపు నుంచి రాసినవి. సరుకు లోపభూయిష్ఠమైనా, నకిలీదైనా, చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా అమ్మకందారు వెనక్కి తీసుకోవాల్సిందే. అది సరైనదే, దాన్ని ఎవరూ సడలించమనడం లేదు. ఏ లోపమూ లేని సరుకును గుమ్మం దాకా రప్పించి, ఫోన్ ఎత్తకుండా కూర్చున్నవారి సంగతే వాటిలో కనిపించదు.

అలాగని తిరిగొచ్చిన ప్రతి పార్సిల్‌కూ కొన్నవారినే దోషిగా నిలబెడితే అన్యాయం. రోజంతా ఇంట్లోనే ఉన్నా ‘డోర్ లాక్డ్’ అని మెసేజ్ వచ్చిన అనుభవం ఎంతమందికి లేదు! సాయంత్రానికి మోయలేనన్ని పార్సిళ్లు నెత్తిన పెట్టుకున్న డెలివరీ కుర్రాడు, నాలుగో అంతస్తు ఎక్కడం కంటే యాప్‌లో ఓ బటన్ నొక్కడం సులువనుకుంటాడు. ఆ బటన్‌కు మూల్యం చెల్లించేది ఎక్కడో కోనసీమలో ఉన్న మనిషి. ఇక ముందే డబ్బు కట్టించుకుని మాయమయ్యే దొంగ పేజీలు, ఆర్డరే పెట్టనివాళ్ల ఇంటికి ‘క్యాష్ ఇవ్వండి’ అంటూ వచ్చే మోసపు పార్సిళ్లు సరేసరి. జనం క్యాష్ ఆన్ డెలివరీని వదలకపోవడానికి కారణం ఈ భయమే. కాబట్టి దాన్ని ఎత్తేయమనడం పరిష్కారం కాదు.

ఈ పత్రిక కోరేది పాత వి.పి.పి. పద్ధతినే కాస్త సవరించి తెమ్మని. సరుకు ధర గుమ్మం దగ్గరే ఇవ్వనివ్వండి, పోయే ఛార్జీ మాత్రం ఆర్డర్ పెట్టేటప్పుడే యూపీఐలో కట్టించండి. సరుకు తీసుకుంటే ఆ సొమ్ము బిల్లులో తగ్గుతుంది. తీసుకోకపోతే అమ్మకందారుకు మిగులుతుంది. తిరుగు ఛార్జీ అమ్మకందారే పెట్టుకున్నా సగం భారం దిగుతుంది. 2020 నిబంధనల ప్రకారం, రద్దు చేసుకున్న వినియోగదారుడి దగ్గర ఛార్జీ వసూలు చేసే సంస్థ, తాను ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు అలాంటి ఛార్జీయే భరించాలి. ఆ సమన్యాయం ఇక్కడా ఉండాలి. డబ్బు కట్టించుకుని సరుకు పంపని అమ్మకందారు అడ్వాన్సుతో పాటు అంతే మొత్తం అదనంగా ఇవ్వాలి. ఇదంతా మొదటి పేజీలోనే, కొనేవాళ్లకు కనిపించేంత అక్షరాల్లో చెప్పాలి. ఆఖరి స్క్రీన్‌లో గుట్టుగా ఛార్జీలు తగిలించడాన్ని 2023 నవంబరులో కేంద్రమే తప్పుడు పోకడల జాబితాలో చేర్చింది.

కొరియర్ సంస్థలను ఈ లెక్కలోంచి తప్పించకూడదు. తపాలా శాఖ 2025 అక్టోబరు నుంచి ఐదు రూపాయలు, దానిపై జీఎస్టీ తీసుకుని స్పీడ్ పోస్టులో ఓటీపీ డెలివరీ ఇస్తోంది. ప్రైవేటు సంస్థలూ ఓటీపీ అడుగుతున్నాయి. అయితే ఓటీపీ పార్సిల్ అందిందనడానికి రుజువు, ఇవ్వడానికి వెళ్లామనడానికి రుజువేది? కాల్ రికార్డు, లొకేషన్, వద్దన్న కస్టమర్ నుంచి ఒక కోడ్ చూపించలేని కొరియర్‌కు తిరుగు ఛార్జీ అడిగే హక్కు ఉండకూడదు. పోయేటప్పుడు తీసుకున్నది కూడా వాపసు ఇవ్వాలి.

నిబంధనలు మారడానికి ఢిల్లీలో ఎంతకాలం పడుతుందో చెప్పలేం. ఈలోగా మన రెండు రాష్ట్ర ప్రభుత్వాలు చేయగలిగిన పని ఒకటుంది. డ్వాక్రా మహిళల సరుకును, చేనేతను ఆన్‌లైన్‌లో అమ్మిస్తామని రెండూ చెబుతూనే ఉన్నాయి. అందుకోసం కంపెనీలతో రాసుకునే ఒప్పందాల్లో, ఎవరూ తీసుకోని పార్సిల్ ఖర్చు ఏ సందర్భంలో ఎవరిదో ఒక షరతుగా రాయించాలి. అలా బేరమాడే బలం ప్రభుత్వాలకు ఉంది, పచ్చళ్లు పట్టే పదిమంది మహిళల సంఘానికి లేదు.