పుంజుకి బుద్ధి నేర్పేది పెట్టలే, మనం కాదు

ముందే చెప్తున్నా, ఇది కొంతమందికి నచ్చదు. ఒక్క కోడిపుంజు పిల్లని ఇంట్లో ఒంటరిగా పెంచి, భుజం మీద ఎక్కించుకుని, ఒళ్లో పడుకోబెట్టుకుని వీడియోలు తీసి, ఆరు నెలలు తిరక్కుండానే "మా పుంజుకి పిచ్చెక్కింది, కాళ్ల మీదకి ఎగిరి తంతోంది, ఎవరికైనా ఇచ్చేస్తాం" అని మొదలుపెట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. దానికి పిచ్చీ లేదు ఏమీ లేదు. ముద్దు మీరు చేశారు, నింద దానికి.

కోడిపిల్ల గుడ్డులోంచి వచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లో కళ్ల ముందు ఎవరు తిరిగితే వాళ్లనే తనవాళ్లు అనుకుంటుంది. తోడుకి ఇంకో పిల్ల కూడా లేకపోతే దాని లెక్కలో మీరే కోళ్లు. చిన్నప్పుడు బానే ఉంటుంది. తర్వాత తురాయి ఎర్రబడుతుంది, మెడ మీద, నడుం మీద ఈకలు సన్నగా సూదుల్లా దిగుతాయి, బొంగురు గొంతుతో సగం సగం కూత మొదలవుతుంది, ఇక అప్పట్నించి ఎవరు పెద్దో తేల్చుకోవాలి కదా, పక్కన ఉన్నది మీరొక్కరే, మరి ఎవరితో తేల్చుకుంటుంది? ఒక రెక్క కిందకి వేలాడేసి మీ చెప్పు చుట్టూ అడ్డంగా అడుగులేస్తుంటే "అబ్బో డాన్స్ చేస్తున్నాడు" అని మురిసిపోతారు చూడండీ, పెట్ట ముందు అలా చేస్తే సరసం, ఇంకో పుంజు ముందు చేస్తే సవాలు, మీ చెప్పు ముందు చేస్తే రెండిట్లో ఏదైనా మీకు మంచిది కాదు.

అందుకే తెచ్చేదేదో రెండు మూడు పిల్లల్ని కలిపి తెచ్చుకోండి. మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం, తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవడం, పొడి నేల, శుభ్రమైన నీళ్లు, ఇవన్నీ అందరికీ తెలిసినవే. చేత్తో పట్టుకోవద్దని నేననట్లేదు, కాళ్లు చూడాలి, రెక్కల కింద పేలు ఉన్నాయేమో చూడాలి, పట్టుకుంటే బెదరకుండా ఉండాలి. అంతవరకే. దాని కాపురం మాత్రం కోళ్లతోనే.

ఎందుకంటే బలిసిన ముసలి పెట్ట చెప్పే పాఠం మనం జన్మలో చెప్పలేం. మా దగ్గర అలాంటిది ఒకటుంది. కుర్రపుంజు వెనక నుంచి వచ్చి మీదకి ఎక్కబోతే చటుక్కున తిరిగి తురాయి మీద ఒక్క పోటు పొడుస్తుంది, అంతే, వాడు నాలుగడుగులు వెనక్కేసి ఏమీ జరగనట్టు నేల గీకుతూ నిలబడతాడు. ఇలా చీవాట్లు తిని తిని, దొరికిన గింజని ముక్కుతో ఎత్తి కింద పడేస్తూ "టుక్ టుక్" అని పెట్టల్ని పిలవడం మొదలుపెట్టాడు. మొదట్లో పిలిచి, అవి దగ్గరికొచ్చేలోపే ఆ గింజ వాడే మింగేసేవాడు దొంగ వెధవ, పెట్టలు కూడా రెండు మూడుసార్లు మోసపోయి తర్వాత తల కూడా ఎత్తేవి కావు, అప్పుడు గానీ వాడికి తెలిసి రాలేదు.

అయితే నేర్పేది పెట్టలే అన్నాను కదా అని తీసుకెళ్లి గుంపులో పడేస్తే అది నేర్పడం కాదు, చంపించడం. "వదిలేయండి, అవే తేల్చుకుంటాయి" అని ఉచిత సలహా ఇచ్చేవాళ్లకి ఒక దండం. కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవచ్చో ఒక వరుస ఉంటుందని నార్వే ఆయన షెల్డెరుప్ ఎబ్బె 1920ల్లోనే రాసిపెట్టాడు, కొత్త కోడి వస్తే ఆ వరుస అంతా మళ్లీ కదులుతుంది, దాంట్లో ఎక్కడైనా రక్తం చుక్క కనబడిందా, ఇక అన్నీ అక్కడే పొడుస్తాయి.

బయటనుంచి తెచ్చినదైతే ముందు మూడు నాలుగు వారాలు పూర్తిగా వేరుగా పెట్టండి. పైకి నిగనిగలాడుతున్న కోడి కూడా కొక్కెర తెగులు (కోళ్లకి వచ్చే వైరస్ జబ్బు) మోసుకురావచ్చు, పేలు సంగతి చెప్పక్కర్లేదు. తర్వాత ఒకటి రెండు వారాలు మధ్యలో జాలీ పెట్టి పక్కపక్కన ఉంచండి, చూసుకోవాలి, అరుచుకోవాలి, తగలకూడదు. సైజు పెద్ద కోళ్లకి దగ్గరగా వచ్చాకే, అంటే 12 నుంచి 16 వారాల మధ్యలో, ఖాళీ జాగాలో కలపాలి. దాణా, నీళ్లు రెండేసి చోట్ల పెట్టాలి, దాక్కోడానికి చాటు, ఎగిరి కూర్చోడానికి కర్రలు ఉండాలి. రాత్రి చీకట్లో గూట్లో పెట్టేస్తే పొద్దున్నకి మర్చిపోతాయి అంటారు, ఏం మర్చిపోవు, తెల్లారి తలుపు తీయడం లేటయితే ఆ ఇరుకులోనే కొట్లాట.

ఇంకోటి ఎవరూ పట్టించుకోరు, దాణా. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం 4 శాతం దాకా ఉంటుంది, అదే రోజూ తింటే ఎదిగే పిల్లల కిడ్నీలు దెబ్బతింటాయి. అందరికీ గ్రోయర్ దాణా, అంటే ఎదిగే కోళ్ల దాణా పెట్టి, పెట్టలకి ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టండి, కావాల్సినవి తింటాయి.

గుంపులో ముందే పెద్ద పుంజు ఉంటే వ్యవహారం ఇంకా సున్నితం. జపాన్‌లో నగోయా యూనివర్సిటీ వాళ్లు 2015లో చెప్పారు, తెల్లవారుజామున ముందు కూసేది గుంపులో పైచేయి ఉన్న పుంజే, మిగతావి దాని తర్వాత వరుసగా కూస్తాయని. మీ కుర్రాడు పెద్దాయన తర్వాత కూస్తూ, ఆయన వస్తే పక్కకి తప్పుకుంటుంటే పర్లేదు. రోజూ తురాయిల మీద రక్తం కనిపిస్తుంటే మాత్రం వేరు చేయాల్సిందే. ఒక్కో పుంజుకి ఎనిమిది, పది పెట్టలు ఉండాలని ఊరికే అనలేదు, నాలుగు పెట్టలకి రెండు పుంజుల్ని వదిలితే నెలరోజుల్లో పెట్టల వీపు మీద ఈకలు ఊడి చర్మం బయటపడుతుంది. అప్పుడొచ్చి "మా పుంజు రాక్షసుడు" అని మళ్లీ ఇంకో వీడియో పెట్టకండి దయచేసి.