గద్వాల చీరల ప్రమోషన్ ఆర్టికల్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్రమోషన్ ఆర్టికల్ గారి సముఖానికి,

చీరల దుకాణం వెబ్‌సైట్‌లో తమరు "నేటి ఆధునిక యుగంలో" అని గొంతు సవరించుకోగానే చదివేవాళ్లలో సగంమంది వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు చీర కొందామని వచ్చిన పాపానికి కూర్చుంటారు. రెండో పేరాలో భారతీయ సంస్కృతిలో చీర స్థానం, మూడో పేరాలో స్త్రీ సౌందర్యం. రేటు మాత్రం ఎక్కడా లేదు.

అయిదో పేరాలో తమరు అసలు సంగతి బయటపెట్టుకున్నారు. "దారానికి ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు" అన్నారు. అది పోచంపల్లి పని సారూ! చిటికి, అంటే ఆ ముడులు, కట్టేది అక్కడ, 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిందీ ఇక్కత్ అనే ఆ నేతకే. పోచంపల్లి దుకాణానికి రాసినదాంట్లో ఊరి పేరొక్కటి మార్చి తమరికి జన్మనిచ్చారు, ముడులు విప్పడం మరిచారు. పైగా "ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ జిల్లా గద్వాల" అట. 2014లో రాష్ట్రం మారింది, 2016లో జిల్లా మారింది, తమరు మాత్రం మారలేదు.

గద్వాల చీర ముచ్చట వేరు. సంప్రదాయ రకంలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి పేకనూ (అడ్డపోగు) అంచు పేకనూ ఒకదాంట్లో ఒకటి మెలేసి నేస్తారు, కుప్పడం అంటారు. చీర తిరగేసి అంచు మొదలయ్యే చోట వేలితో తడిమితే ఆ అతుకు తెలుస్తుంది. కొనేవాళ్లకు దగ్గర నుంచి తీసి చూపాల్సిన ఫొటో అదొక్కటే. తమరు పెట్టింది ఎక్కడో దొరికిన మోడల్ నవ్వు, అదీ నాలుగు ఎంబీ. పల్లెలో సిగ్నల్ ఒక గీత ఉన్న ఫోన్‌లో ఆ నవ్వు పైనుంచి కిందికి దిగేలోపు చూసేవాళ్లు వెనక్కి పోతారు. రెండు వందల కేబీకి తగ్గిస్తే నవ్వేమీ తగ్గదు.

ఇక కీవర్డ్ భక్తి, అంటే గూగుల్‌లో జనం వెతికే మాటల మీద భక్తి. "గద్వాల పట్టు చీరలు బెస్ట్ ప్రైస్ కోసం చూస్తున్నారా? గద్వాల పట్టు చీరలు బెస్ట్ ప్రైస్‌లో దొరికే చోటు మాదే." బతుకమ్మ పాటలో కూడా పల్లవి ఇన్నిసార్లు రాదు. పేజీ కోడ్‌లో కంటికి కనబడకుండా కీవర్డ్స్ పెట్టే మెటా ట్యాగ్‌ను ఫలితాల వరుసకు లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. 2011లో గూగుల్ వెతుకులాట పద్ధతిలో పాండా అనే మార్పు వచ్చి, పదాలు పేర్చి పేజీలు నింపిన సైట్లను కిందికి తోసింది. తమరికి పదానికి ఇన్ని పైసలని కూలి కడతారు కాబట్టి ఈ కబుర్లేవీ చెవికెక్కవు. అసలు వెతికేవాళ్లలో చాలామంది తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, లేదా ఫోన్‌కు నోటితో చెప్తారు. గూగుల్ ఫలితాల్లో కనబడే టైటిల్‌లో ఊరు, వస్తువు, రేటు సుమారు అరవై అక్షరాల్లోపు ఉంటే చాలు. మరీ పొడుగైతే చివర మూడు చుక్కలు పడతాయి, తమరి టైటిల్‌లో ఆ చుక్కల వెనక దాగింది దుకాణం పేరే.

"ప్రపంచంలోనే నంబర్ వన్", "నూటికి నూరు శాతం స్వచ్ఛమైన పట్టు" అని కూడా రాశారు. ఒళ్లు నూలైన చీరకు! తప్పుదారి పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల దాకా, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ఆ దెబ్బ ముందు తగిలేది గల్లా పెట్టె ముందున్న సేటుకే.

ఆ గల్లా పక్కనే తమరిని రాసినవాళ్లు ఒక్క పూట కూర్చుంటే పనైపోయేది. వచ్చిన ఆడవాళ్లు అడిగేవి పది ప్రశ్నలు దాటవు. చేనేతనా, మరమగ్గమా? జరీలో వెండి ఉందా, ఉత్త మెరుపేనా? జాకెట్టు ముక్క చీరలోనే వస్తుందా, విడిగా కొనాలా? ఎర్ర అంచు రంగు తెల్ల ఒంటికి దిగుతుందా? ఇంట్లో ఉతకొచ్చా, డ్రై క్లీనింగ్‌కే ఇయ్యాలా? ఎంత నుంచి ఎంత దాకా? నచ్చకపోతే వాపసు తీసుకుంటరా? వాళ్లడిగిన మాటల్లోనే ప్రశ్న, దాని కింద రెండు వాక్యాల జవాబు, రేటు మొదటి పేరాలో. దీనికి నాలుగు వందల మాటలు చాలు. తమరు పద్దెనిమిది వందలు వాడి ఒక్క ప్రశ్ననూ ముట్టుకోలేదు. అంగట్ల అన్నీ ఉన్నా అల్లుడి నోట్ల శని అన్నట్టు, దుకాణం నిండా మంచి చీరలున్నా చెప్పే నోరు తమరిదైంది.

చివర "ఇంకెందుకు ఆలస్యం, నేడే సంప్రదించండి" అన్నారు. సంప్రదిద్దామని నంబరు మీద నొక్కితే కాల్ పోలేదు. అది నంబరు కాదు, దుకాణం ఫ్లెక్సీ ఫొటో.

ఇట్లు,
పద్దెనిమిది వందల మాటలూ చదివిన బాధితులు

తా.క.: ఆ ఫ్లెక్సీలో చివరి రెండంకెల మీద కరెంటు స్తంభం అడ్డొచ్చింది.