స్త్రీకి మూడు గళ్ళు

మొన్న లినక్సు టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే నల్ల తెర మీద, ‘స్త్రీ’ అని ఒక ఫైలుకు పేరు పెట్టి, అది ఉందో లేదో చూద్దామని ఫైళ్ళ జాబితా చూపే ఎల్ఎస్ ఆదేశం కొట్టాను. సకారం ఒకచోట తేలింది, తవత్తు పక్కింటి గోడ మీద, క్రావడి ఇంకెక్కడో. కర్సరు వీటితో తనకే సంబంధమూ లేనట్టు దూరంగా నిలబడి మిణుకుమంటోంది. ఇలాంటప్పుడు అందరూ టెర్మినల్‌ను తిడతారు. నేను తిట్టను. తప్పు మన లిపిదే.

టెర్మినల్ అంటే ఒక లేఅవుటు. వరసకు 80 ప్లాట్లు, అంటే గుర్తుకొకటి చొప్పున 80 గళ్ళు, మొత్తం 24 వరసలు. 1978లో వచ్చిన వీటీ100 అనే టెర్మినల్ యంత్రం నాటి కొలత అది. ఆ 80 కూడా 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డు నుంచి వచ్చిన పిత్రార్జితం. ఇంత పద్ధతైన కాలనీలోకి మనం 1991లో, లోకంలోని లిపులన్నిటికీ కంప్యూటర్లో సంఖ్యలు కేటాయించే యూనికోడ్ పట్టా చేత్తో పట్టుకుని, వత్తులూ గుణింతాలతో సహా ఉమ్మడి కుటుంబంగా దిగాం. కాలనీవాళ్ళు కంగారుపడరా?

ఏ గుర్తుకు ఎన్ని గళ్ళో తేల్చే సర్వేయరు ఒకాయన ఉన్నాడు, పేరు డబ్ల్యుసివిడ్త్, వృత్తిరీత్యా ఒక చిన్న ప్రోగ్రాం ముక్క. ఆయన కళ్ళకు ‘స్త్రీ’ ఒక అక్షరం కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు గుర్తులు, యూనికోడ్‌ను ఫైళ్ళలో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. హల్లుకో గడి చొప్పున మూడు రాసిచ్చి, మిగతావాళ్ళను అద్దె లేకుండా సర్దుకోమన్నాడు.

ఆయన నిష్పక్షపాతాన్ని శంకించేవాళ్ళు గుణింతం చూడండి. ‘కి’కి ఒక గడి, ‘కు’కు రెండు. గుడి స్థలం తీసుకోని గుర్తనీ, కొమ్ము స్థలం తీసుకునే గుర్తనీ యూనికోడ్ పట్టికలో నమోదై ఉంది మరి. ఏ ఊళ్ళోనైనా గుడికి మాన్యం ఉంటుంది. ఇక్కడ కొమ్ముకు ఉంది. ఆఖరికి సున్నకు కూడా సొంత గడి ఉంది, గుడికి లేదు.

ఫాంటు సంగతి సరేసరి. ఇంగ్లీషులో బక్క ఐ, బొద్దు ఎమ్ ఒకే కొలత చొక్కాలో ఇమిడిపోతాయి. మన ‘ఝ’ను ఆ చొక్కాలో దూర్చి చూడండి. టెర్మినల్ ఫాంటులో తెలుగు లేకపోతే ఇంకో ఫాంటును అరువు తెస్తారు, అది భుజాల దగ్గర చిరుగుతుంది. అరువు కూడా పుట్టకపోతే అక్షరాల చోట ఖాళీ డబ్బాలు. డబ్బాలంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. హ్రస్వం, దీర్ఘం, అల్పప్రాణం, మహాప్రాణం అనే తేడాలు చూపకుండా అందరికీ ఒకే డబ్బా.

పైగా టెర్మినల్‌ది ముందుచూపు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞ’, దానితోపాటు కంటికి కనిపించని ఒక గుర్తు, దీర్ఘం కలిపి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హడావుడిగా 11.2.6 అప్‌డేట్ విడుదల చేయాల్సి వచ్చింది. అక్షరాన్ని అందంగా కలిపి గీయబోతే వచ్చే ముప్పు అది. కలిపి గీయాలన్న ఆశే లేని టెర్మినల్ ఎందుకు కూలుతుంది?

కాబట్టి లేఅవుటు జోలికి పోకుండా మనమే మారాలి. ముందు పేర్లతో మొదలుపెడదాం. కమల, సరళ, రమ ఆదర్శ పౌరులు, అక్షరానికో గడి. కృష్ణ చూడబోతే రెండక్షరాలే, ఆక్రమించేది నాలుగు గళ్ళు.

ఈమధ్య మా అన్నయ్యకు కూతురు పుట్టింది. జ్యోత్స్న అని పెడదామని వదిన ముచ్చటపడింది. నేను వేళ్ళ మీద లెక్కేసి, “ఐదు గళ్ళు పడతాయి వదినా, రమ అని పెట్టండి, రెండింటితో పోతుంది” అన్నాను.

“ఏ గళ్ళు? నీ లుంగీ గళ్ళా?” అంది వదిన.

బారసాల అయిపోయింది. పాప పేరు జ్యోత్స్న.