స్థానికులు ఎందరన్నది సరే, ఏ మెట్టు మీద?

పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలంటూ ఆంధ్రప్రదేశ్ 2019లో చేసిన చట్టం ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ ఆ అంకె దగ్గరే ఆగిపోతుంది. తగిన అర్హత గలవారు దొరకకపోతే మూడేళ్లలోగా స్థానికులకు శిక్షణ ఇచ్చి తీసుకోవాలని అదే చట్టంలో ఉన్న మాటను మాత్రం ఎవరూ పెద్దగా తలవరు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని పైడిభీమవరంలో షిఫ్టు మారే వేళ మందుల పరిశ్రమల గేట్ల దగ్గర నిలబడితే, లోపలికి వెళ్లేవారిలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చాలామందే కనిపిస్తారు. వారిలో కంపెనీ రోల్స్‌లో, అంటే నేరుగా కంపెనీ ఉద్యోగులుగా ఎందరున్నారు, కాంట్రాక్టరు కింద హెల్పర్లుగా ఎందరున్నారు, పదేళ్ల తర్వాత ఎవరు ఏ మెట్టు మీద ఉంటారు అన్నది ఆ అంకె చెప్పదు.

మందుల ముడిపదార్థాల తయారీ బ్యాచ్‌ల వారీగా సాగుతుంది. రసాయన చర్య జరిగే పెద్ద పాత్ర అయిన రియాక్టర్‌కు డ్రమ్ములు చేర్చడం, వేగంగా తిప్పి ద్రవాన్ని వేరుచేసే సెంట్రిఫ్యూజ్ నుంచి తడి పొడిని తీసి డ్రయర్‌కు మోయడం వంటివి ఒళ్లు వంచి చేసే పనులు. ఉష్ణోగ్రత, పీడనం చూసుకుంటూ రసాయన చర్యను నడిపించడం ఆపరేటర్, కెమిస్ట్‌ల పని. టోల్యూన్, మిథనాల్ వంటి ద్రావణుల ఆవిర్లకు దగ్గరగా ఉండేది మొదటి పని, జీతం పెరిగేది రెండో దానిలో. ఐటీఐలో కెమికల్ ప్లాంట్ అటెండెంట్ ఆపరేటర్ అనే రెండేళ్ల ట్రేడు ఉంది; బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవారికైతే మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో కొదవే లేదు. అయినా చురుకైనవారు జీడిమెట్ల, పటాన్‌చెరు వైపో, గుజరాత్‌లోని అంకలేశ్వర్ వైపో వెళ్లిపోతున్నారు. జీతం ఒక కారణమే కానీ, నాకు అంతకంటే బలంగా తోచేది మరొకటి ఉంది: అక్కడ పక్క వీధిలోనే ఇంకో కంపెనీ ఉంటుంది, మారినప్పుడల్లా ఒక మెట్టు ఎక్కవచ్చు. గుప్పెడు కంపెనీలున్న చోట ఆ వీలు తక్కువ.

అనుభవం గలవారు నిలవకపోవడం జీతాలకే సంబంధించిన విషయం కాదు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరిన్ అనే ద్రవం ఆవిరై వెలువడి 12 మంది చనిపోయారు. స్టైరిన్ ఊరికే నిల్వ ఉన్నా తనంత తానే పాలిమర్‌గా మారుతూ వేడి పుట్టిస్తుంది కాబట్టి, దాన్ని అదుపు చేసే నిరోధకం తగ్గకుండా చూడాలి, ట్యాంకు అడుగునే కాక పైభాగంలో కూడా వేడిని గమనిస్తూ ఉండాలి. లాక్‌డౌన్‌లో ఉత్పత్తి ఆగినా ఈ కాపలా ఆగకూడదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియాలో ద్రావణి ఆవిరి లీకై జరిగిన పేలుడు 17 మందిని బలి తీసుకుంది. ఈ రెంటికీ కాంట్రాక్టు పద్ధతే కారణమని నేను అనను. కానీ వాసనలో తేడా, పంపు చప్పుడులో తేడా పసిగట్టే నేర్పు ఒకే ప్లాంటులో ఏళ్లు గడిపినవారికే వస్తుంది. కొన్ని నెలలకోసారి మారిపోయే హెల్పరుకు అది ఎలా వస్తుంది?

ఉక్కు తయారీలో కలిపే మిశ్రమలోహాలు చేసే విజయనగరం జిల్లా ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమది వేరే కథ. అక్కడ విద్యుత్తు ముడిసరుకంత ముఖ్యం. చార్జీలు పెరిగి కొలిమి చల్లారితే, దాన్ని నడిపిన చేతులు కూలికో వలసకో పోతాయి.

ఇక శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం సంగతి. సోంపేటలో 2010లో, కాకరాపల్లిలో 2011లో థర్మల్ కేంద్రాలను ఎదిరించి బీల (చిత్తడి) భూముల కోసం ప్రాణాలు పోగొట్టుకున్న జిల్లా ఇది. ఉద్యోగాలొస్తాయన్న మాటను ఇక్కడి జనం ఊరికే నమ్మరు. 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు తలపెట్టిన ఆ అణు కేంద్రంలో, నిర్మాణకాలంలో వేలమందికి పని దొరకవచ్చు. అది ముగిశాక మిగిలేది తర్ఫీదు పొందిన సిబ్బందికి మాత్రమే. అణు విద్యుత్ కార్పొరేషన్ డిప్లొమా, బీఎస్సీ, ఐటీఐ చదివినవారిని స్టైపెండరీ ట్రైనీలుగా (భృతి ఇచ్చి శిక్షణకు) తీసుకుంటుంది, కానీ పోటీ దేశమంతటి నుంచీ ఉంటుంది. భూములిచ్చిన ఊళ్ల పిల్లలు ఆ పరీక్షకు సిద్ధం కావాలంటే జిల్లాలోని ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో ఆ చదువు కాంక్రీటు పడకముందే మొదలు కావాలి. ప్రతి కర్మాగారమూ ఏటా స్థానికుల సంఖ్యతో పాటు రోల్స్‌లో ఎందరు, కాంట్రాక్టులో ఎందరు, ఆ ఏడాది హెల్పరు నుంచి ఆపరేటరు అయినవారు ఎందరు అన్నది గేటు దగ్గర బోర్డు మీద రాసిపెట్టాలని కార్మిక శాఖ అడగవచ్చు. అందుకు కొత్త ఖర్చేమీ అక్కర్లేదు.