ఎముక బాణపు ములికి రాయికి ప్రత్యామ్నాయం మాత్రమే కాదు

"రాయి దొరకని చోటే ఎముకతో ములికులు చేసుకున్నారు" అని ఆదిమానవుల బాణపు ములికుల (బాణం మొనల) మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు, అది సరికాదండి. శ్రీలంకలోని ఫా హియెన్ గుహలో సుమారు 48,000 ఏళ్ల నాటి ఎముక మొనలు దొరికాయి, చాలావరకు కోతుల ఎముకలే, అదే గుహలో పలుగురాతి పనిముట్లూ ఉన్నాయి. అంటే రాయి ఉండి కూడా ఎముకను ఎంచుకున్నారు.

ఎందుకో చేసి చూస్తే తెలుస్తుంది. నేనుండేది చెన్నై పల్లావరంలో, 1863లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కి రాతి చేగొడ్డలి దొరికిన ఊరు. మటన్ కొట్టులో పాయాకి అమ్మే మేక కాళ్లలోంచి పొడుగు ఎముక తీసుకున్నాను. ఉడకబెట్టకండి, ఎక్కువసేపు ఉడికితే లోపలి కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోయి పెళుసవుతుంది, నాది మొదటిది అలాగే పుటుక్కున విరిగింది. రెండోది పచ్చిగానే శుభ్రం చేసి నానబెట్టి, నిలువుగా గాడి కోసి చీల్చి, గరుకు రాయి మీద నీళ్లు చల్లుతూ అరగదీశాను. పొడిగా అరగదీస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పనిసరి. రెండు సాయంత్రాలకి మొన వచ్చింది, వేలితో తడిమితే నున్నగా, వెలుగులో పెడితే సన్నటి గీతలు. రాతి అంచులా కోయదు కానీ గుచ్చుకుంటుంది, కింద పడితే పెచ్చులూడదు, మొద్దుబారితే మళ్లీ సాన పెట్టుకోవచ్చు.

మన కర్నూలు ప్రాంతంలోని బిల్లసర్గం గుహల్ని కూడా 1884లో ఫుట్ తవ్వించారు, అక్కడి ఎముక పనిముట్ల గురించి ఒక్క ముక్కైనా రాయాల్సింది.