గాలి పీల్చని గొట్టం

మా ఎదురింటి కాంట్రాక్టరు గారి పాత జీపుకు ఇటీవల ఒక గొట్టం మొలిచింది. బానెట్టు పక్కనుంచి బయలుదేరి, ముందు అద్దం అంచును ఆనుకొని, టాపు ఎత్తుదాకా లేచి, చివర మెడ తిప్పి రోడ్డు వైపు చూసే నల్లని ప్లాస్టిక్ గొట్టం అది. దానిని స్నార్కెల్ అంటారని, బండి లోతు నీటిలో దిగినప్పుడు ఇంజనుకు పైనుంచి గాలి అందించడం దాని పని అని విజయనగరంలో మా వీధి పిల్లలందరికీ ఇప్పుడు కంఠతా వచ్చు. వాగులూ వరదలూ దాటే వాహనాలకు అమర్చే ఆ సాధనం, పాల ప్యాకెట్టు కోసం మూడు లాంతర్ల కూడలి దాకా వెళ్లి వచ్చే జీపుకు ఎందుకని అడిగేంత అమాయకులు ఈ వ్యాసం చదివేవారిలో ఉండరని నా నమ్మకం. నా ఫిర్యాదు అంత స్థూలమైనది కాదు. ఆ గొట్టాన్ని దేనికీ కలపలేదు.

సాలూరు నుంచి వచ్చిన మేస్త్రి, అంటే లారీ బాడీలు కట్టడంలో పేరుమోసిన ఊళ్లో చేయి తిరిగినవాడు, ఈ సంగతి మొదటే అడిగాడు. "బాబుగారూ, ఈ గొట్టం ఏటికి కలపమంటారు? లోన ఫిల్టరుకేనా?" అన్నాడు. "ఫిల్టరు జోలికి వెళ్లకు, పైకి కనబడేలా బిగించు, చాలు" అన్నారు కాంట్రాక్టరు గారు. "మరి గాలెలాగెల్తాది బాబూ?" "ఇన్నేళ్లూ ఎలా వెళ్లిందో అలాగే వెళ్తుంది." ఈ తర్కానికి మేస్త్రి తలవంచి, నాలుగు బోల్టులు బిగించి, కూలి పుచ్చుకొని సాలూరు బస్సెక్కాడు. పక్క రేకుకు కన్నం పెట్టి గొట్టాన్ని లోపలికి తీసుకుంటే ఇంజనుకు మేలు జరిగే మాట నిజమే కాని, కొత్త పెయింటుకు కీడు జరుగుతుంది. పాత బండిని బాగు చేయడం అన్నాక ఏది ముందో ఏది వెనకో తెలిసి ఉండాలి.

ఆ ముందువెనకలను గురించి కొంత చెప్పుకోవాలి. ఆ బండి మహీంద్రా ఎంఎం 540. 1941లో అమెరికా సైన్యం కోసం తయారైన విల్లీస్ జీపు వంశంలోనిది. ఆ విల్లీస్‌లను మహీంద్రా వారు 1940ల చివర్లో మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజను, ఇనుప కమాన్ కట్టలు, డ్రమ్ము బ్రేకులు. ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసిన ఇలాంటి బండిని ఇంటి దగ్గర బాగు చేయదలచినవాడు ముందుగా బాడీ ఎత్తి చాసీని చూడాలి. తుప్పు పైరేకును వదిలిపెట్టినా మట్టి పేరుకున్న చాసీ మూలలను వదిలిపెట్టదు. తరువాత ట్యాంకు అడుగున చేరిన మడ్డి కడిగించాలి, పంపూ నాజిళ్లూ సర్వీసు చేయించాలి, బ్రేకు సిలిండర్లలో ఎండిపోయిన రబ్బరు వాషర్లు మార్చాలి, ఎలుకలు కొరికిన వైరింగు మొత్తం పీకి కొత్తది వేయాలి. పెయింటు అన్నింటికన్నా చివర. కాంట్రాక్టరు గారు ఈ క్రమాన్ని ఎంతో శ్రద్ధగా పాటించారు, కాకపోతే చివరి నుంచి. పెయింటు అయింది, గొట్టం అయింది, ముందు బంపరుకు తాడు చుట్టుకుంటూ ఏనుగును సైతం లాగగల వించి అయింది, టాపు మీద దీపాల వరస అయింది. బ్రేకుల దగ్గరకు వచ్చేసరికి డబ్బు అయిపోయింది. ముందు చక్రాలకు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్టును మాత్రం పనిగట్టుకొని విప్పించి పాత ఇనుము కొట్టుకు పంపారు. అది ఉంటే డీజిలు ఎక్కువ తాగుతుందట, పైగా చప్పుడట. ఇప్పుడు ఆ బండి వెనక చక్రాలతోనే నడుస్తుంది. నాలుగు చక్రాలనూ కలపవలసిన చిన్న గేరు రాడ్డుకు మాత్రం ఇత్తడి గుండు తొడిగించి, రోజూ చింతపండుతో తోమిస్తున్నారు.

రంగు విషయంలోనూ ఆయన ఏ లోటూ చేయలేదు. మిలిటరీ ఆకుపచ్చ వేయించి, పక్క రేకు మీద తెల్లని అయిదు కోణాల నక్షత్రం దిద్దించారు. ఆ నక్షత్రం రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు గుర్తు. మన సైనిక వాహనాలకు ఉండేది నంబరు మొదట్లో పైకి చూసే బాణం. ఏ సైన్యంలో చేరాలో తేల్చుకోని ఆ జీపు కోట ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటే, పూసపాటి రాజుల మీదికి మళ్లీ ఎవరు దండెత్తి వచ్చారోనని కొత్తవారు కంగారుపడే ప్రమాదం ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 121వది ఈ రంగును రక్షణ శాఖ వాహనాలకే కేటాయించిందని నేను వినయంగా మనవి చేస్తే, "ఇది వింటేజి బండండీ, దీనికి వేరే రూల్సు" అన్నారు. వేరే నిబంధనలు ఉన్న మాట నిజమే. అవి 2021లో వచ్చాయి. వాటి ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి, చాసీ, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి, రోజువారీ తిరుగుడుకు దానిని వాడకూడదు. 1980లలో పుట్టిన ఈ జీపుకు మొదటి షరతు తీరడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది, మూడో షరతు పాల ప్యాకెట్టు దగ్గరే భగ్నమవుతోంది, రెండోదాని ఊసు ఎత్తకపోవడం మర్యాద. 15 ఏళ్లు దాటిన జీపులకూ కార్లకూ రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 రూపాయలు కాస్తా 5,000 అయినందుకు మాత్రం ఆయన ప్రభుత్వాన్ని తిట్టని రోజు లేదు. గొట్టం ఖరీదు గురించి ఆయన ఎవరినీ తిట్టగా నేను వినలేదు.

ఇక నీటి పరీక్ష. గొట్టం ఉన్నాక నీటిని వెతుక్కోవడం ధర్మం. పెద్ద వాన కురిసిన మరునాడు రైలు కట్ట కింది దారిలో నీరు నిలిచిందని కబురు రాగానే వీధి వీధంతా కదిలింది. ముందు పూజ జరిగింది: చక్రాల కింద నిమ్మకాయలు, గొట్టానికి ప్రత్యేకంగా పసుపు కుంకుమ బొట్లు, దాని నోటికి బంతిపూల దండ. (గాలి వెళ్లవలసిన నోటిని దండతో మూసినా ఇంజను ఇబ్బంది పడకపోవడాన్ని గమనించి ఆనందించినవాడిని నేనొక్కడినే.) కాంట్రాక్టరు గారు నల్ల కళ్లద్దాలు ధరించి స్టీరింగు దగ్గర కూర్చున్నారు. గట్టు మీద ఫోను పట్టుకొని నిలబడిన వారి బావమరిది, నీళ్లు రెండు వైపులా రెక్కల్లా లేవాలని ఆదేశించాడు. లోతు నీటిలో జీపును నడిపే పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం: తక్కువ గేరులో, మనిషి నడిచే వేగంతో, ముందు లేచే అలను చెదరగొట్టకుండా వెళ్లాలి, లేకపోతే రేడియేటరు వెనక ఫ్యాను నీళ్లను ఎత్తి ఇంజను మీదే కుమ్మరిస్తుంది. కానీ రెక్కలు రావాలి కదా. బండి వేగంగా దిగింది. రెక్కలు వచ్చాయి, గట్టు మీద చప్పట్లూ వచ్చాయి. ఫ్యాను తన పని తాను చేసింది. బానెట్టు కింద పాత చోటనే ఉన్న ఎయిర్ ఫిల్టరు, ఇన్నేళ్లూ గాలిని ఎలా పీల్చిందో అలాగే నీటిని పీల్చింది. గాలిని నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. సిలిండరులో చేరిన నీటికి పిస్టను ఎదురుతగిలితే వంగేది పిస్టనును మోసే కనెక్టింగ్ రాడ్డే. లోపల ఖంగుమని ఒక చప్పుడైంది, బండి ఆగిపోయింది. నడినీటిలో జీపు, జీపు మీద అమెరికా నక్షత్రం, వాటన్నింటికీ పైన ఒక్క చుక్కయినా తడవకుండా, పూలదండతో, ఆ గొట్టం. వించి ఉంది కదా, దాని తాడుతో లాక్కోవచ్చునని ఎవరో గుర్తు చేశారు. వించికి కరెంటు వైరు కలపలేదని అప్పుడు బయటపడింది. సరిగ్గా ఆ సమయానికి ఒక గేదెల మంద ఆ దారినే వచ్చి, నీటిలో దిగి, జీపును అటూ ఇటూ ఒరుసుకుంటూ, ముక్కులు పైకి పెట్టుకొని, నింపాదిగా అవతలి గట్టు ఎక్కింది. మంద వెనక వచ్చిన కుర్రవాడు ఆగి, "తోసీమంటారేటి బాబూ?" అని అడిగాడు. తోశారు. గట్టెక్కిన బండి అవతలి పల్లంలో తనంతట తానే పరుగెత్తింది. డ్రమ్ములలో నీరు చేరితే మంచి బ్రేకులే పట్టవు, ఇవి వాషర్లు మార్చని బ్రేకులు. ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్న ఇసుక కుప్పను ఎక్కి అది ఆగింది. బావమరిది వీడియోను రెక్కల దగ్గరే కత్తిరించి నలుగురికీ పంపాడు. లైకులు బాగా వచ్చాయని విన్నాను.

ఇంతవరకూ ఎవరి సొమ్ము వారిది, ఎవరి సరదా వారిది. అయితే పెయింటుకు ముందు జీపు పక్క రేకును గీకినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పైన నీలం, నీలం కింద తెలుపు, ఆ తెలుపు మీద సగం చెరిగిన అక్షరాలు: "ప్రాథమిక ఆరోగ్య కేం". అక్కడితో రేకు తుప్పు పట్టింది. అంటే ఈ బండి టీకా మందుల ఐసు పెట్టెలను, మలేరియా మందు చల్లే పంపులను, నర్సమ్మలను మోసిన బండి. ఒకనాడు దాని బ్యాటరీ పోయింది. కొత్త బ్యాటరీకి సంతకం పెట్టవలసిన చేయి పెట్టలేదు. బండి వేపచెట్టు కిందికి చేరింది, టైర్లు నేలలోకి దిగాయి, ఫైలులో ఏటేటా "మరమ్మతులో ఉన్నది" అని రాశారు, చివరకు కండెమ్ చేసి వేలం వేశారు. వేలం కాగితం మీద మాత్రం ఒక్క సంతకమూ తక్కువ కాలేదు. ఈ జిల్లాలోనే, శృంగవరపుకోట మండలం దారపర్తి పంచాయతీ కొండల మీది నుంచి నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీలో కిందికి మోసుకొచ్చిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం, పేజీ తిప్పుతూనే ఉన్నాం. డోలీ అంటే ఒక కర్ర, దానికి కట్టిన దుప్పటి, ఇద్దరి భుజాలు, జారే రాళ్లు. చివరి గూడెం దాకా జీపు ఎక్కలేదని నాకూ తెలుసు. సగం కొండ ఎక్కుతుంది! ముందు చక్రాలు తిరిగితే ఎక్కుతుంది! సగం కొండ అంటే ఎంతో, బ్యాటరీకి సంతకం పెట్టని ఆ పెద్దమనిషిని అదే దుప్పటిలో పడుకోబెట్టి వానలో ఒక్కసారి దింపితే తెలుస్తుంది. కాంట్రాక్టరు గారు తమ డబ్బుతో తాము ఆడుకున్నారు, ఆయన మీద నాకు కోపం లేదు. ప్రజల డబ్బుతో కొన్న బండిని ప్రజలకు దూరంగా చెట్టు కింద కుళ్లబెట్టి, జీతాలు తీసుకొని, పదవీ విరమణ సభల్లో శాలువాలు కప్పించుకొని వెళ్లిపోయినవారికి సిగ్గు ఉందా? గీకినప్పుడు బయటపడిన ఆ అక్షరాల మీద పుట్టీ పెట్టి, నక్షత్రాన్ని సరిగ్గా అక్కడే వేశారు.

కాంట్రాక్టరు గారు ఇప్పుడు కనెక్టింగ్ రాడ్ల కోసం వెతుకుతున్నారు. సాలూరు మేస్త్రికి ఫోను చేస్తే, ఒక ఆఫీసు ఆవరణలో ఇదే రకం జీపు ఉందని, ఇంజను బాగానే ఉందని, బ్యాటరీ లేదంతేనని చెప్పాడట. దానిని ఇంకా కండెమ్ చేయలేదు. "తొందరేటి బాబూ, ఇంకో రెండు వానాకాలాలు పోనీండి" అన్నాడట.